హెన్రీ గ్రీన్లీ

హెన్రీ గ్రీన్లీ (జూన్ 3, 1876 - మార్చి 4, 1947) ఇంగ్లాండుకు చెందిన ఇంజనీరు, రచయిత, పత్రికా సంపాదకుడు. నమూనా రైళ్ళ (మోడల్ రైల్వే) నిర్మాణానికి శాస్త్రీయమైన కొలతలను ఏర్పరచిన తొలితరం ప్రముఖులలో ఈయన ఒకడు. బల్లమీద నడిచే చిన్న బొమ్మరైలు మొదలుకొని, మనుషులు ఎక్కి ప్రయాణించగల 15 అంగుళాల గేజి రైలుమార్గాల వరకు అన్ని పరిమాణాలలోను ఈయన రూపకల్పన చేశాడు. ఇంగ్లాండులోని రామ్నీ, హైత్ మరియు డిమ్‌చర్చ్ రైలుమార్గము ఈయన కృషిలో ముఖ్యమైనది.

గ్రీన్లీ పేరు మరొక కారణం వలన కూడా నిలిచి ఉన్నది. బ్రిటిషు నమూనా రైళ్ళలో అత్యధిక ప్రచారం పొందిన "ఓఓ" ప్రమాణంలో, రైలుపెట్టె పరిమాణానికి తగిన వెడల్పు పట్టాలకు లేదు. ఈ తేడా పొరపాటున వచ్చినది కాదు. ఆనాటి ఇబ్బందులను దాటడానికి గ్రీన్లీ తెలిసి చేసిన రాజీ ఇది. ఆయన మరణించి దశాబ్దాలు గడచినా, కొత్తగా వెలువడే నమూనాలను పరీక్షించి సమీక్షించేవారు ఈ లోపాన్ని దాటి వెళ్ళలేరు. ఒక నమూనాలోని లోపాన్ని కొనేవారికి ఎంతవరకు చెప్పాలి, ఎవరు చెప్పాలి అన్న ప్రశ్న గ్రీన్లీ జీవితంలో అనేకసార్లు ఎదురయ్యింది.

నేపథ్యము

19వ శతాబ్దపు చివరి భాగంలో ఇంగ్లాండులో దొరికే చిన్న రైళ్ళు రెండు రకాలుగా ఉండేవి. మొదటి రకం తగరపు రేకుతో చేసిన బొమ్మలు. ఇవి ఎక్కువగా జర్మనీలోని న్యూరెంబర్గ్ నగరం నుండి దిగుమతి అయ్యేవి. చూడడానికి ఆకర్షణీయంగా ఉన్నా, ఏ నిజమైన రైలింజనునూ పోలి ఉండేవి కావు. చక్రాల లెక్క, పొగగొట్టం ఎత్తు, బాయిలరు పొడవు అన్నీ తయారుచేసేవారి ఇష్టప్రకారం ఉండేవి.

రెండవ రకం పోత భాగాల సంపుటాలు. ఇత్తడి, కంచు, పోత ఇనుములతో పోసిన సిలిండర్లు, చక్రాలు మొదలైన ముడి భాగాలను, ఒక నక్షాను కలిపి అమ్మేవారు. కొన్నవారు వాటిని తమ లేత్ యంత్రం మీద కోసి, చిత్రిక పట్టి, అమర్చుకోవలసి ఉండేది. ఈనాటి కిట్లకు ఇవే పూర్వరూపాలు. పోతలో గాలి బుడగలు ఉన్నా, కోతకు సరిపడినంత లోహం మిగల్చకపోయినా, నక్షాలో ఒక కొలత తప్పినా నెలల తరబడి చేసిన పని వ్యర్థమయ్యేది. ఆ సంగతి కొనేముందు తెలుసుకోవడానికి కొనుగోలుదారుకు దాదాపు మార్గం ఉండేది కాదు. అమ్మేవాని జాబితాలో బొమ్మ మాత్రమే కనిపించేది.

1898లో పెర్సివల్ మార్షల్ అనే సంపాదకుడు లండనులో "ది మోడల్ ఇంజనీర్" పత్రికను ప్రారంభించాడు. ఇంటివద్ద చిన్న యంత్రాలు చేసుకొనేవారికి ఒకరి అనుభవం మరొకరికి అందే అవకాశం దీనితో కలిగింది. గ్రీన్లీ రచనా జీవితం ఈ పత్రికతో ముడిపడి ఉన్నది.

తొలి జీవితము

గ్రీన్లీ 1876లో ఇంగ్లాండు వాయవ్య ప్రాంతంలోని బర్కెన్‌హెడ్ పట్టణంలో జన్మించాడు. ఈ పట్టణం మెర్సీ నదికి ఒక ఒడ్డున, లివర్‌పూల్ నగరానికి ఎదురుగా ఉన్నది. తరువాత లండనుకు చేరి, యౌవనంలో మెట్రోపాలిటన్ రైల్వే సంస్థలో ఉద్యోగం చేశాడు. లండనులో భూగర్భ రైలును 1863లో మొదటిసారి నడిపిన సంస్థ ఇదే. నీస్డెన్‌లో ఉన్న ఆ సంస్థ కర్మాగారపు నక్షాల విభాగంలో గ్రీన్లీ శిక్షణ పొందాడు.

ఈ అనుభవం ఆయన తరువాతి పనికంతటికీ పునాది అయ్యింది. బొమ్మల వ్యాపారులకు నిజమైన రైలింజను నక్షా చదవడం అలవాటు లేదు. నిజమైన ఇంజనీర్లలో చాలామందికి చిన్న నమూనాలపై శ్రద్ధ లేదు. గ్రీన్లీకి రెండూ తెలుసు. ఒక భాగాన్ని చిన్నది చేసినప్పుడు దేనిని అదే నిష్పత్తిలో తగ్గించవచ్చో, దేనిని తగ్గించరాదో ఆయన లెక్కగట్టగలిగేవాడు. ఉదాహరణకు పొడవు పదవ వంతు అయితే, వైశాల్యం నూరవ వంతు, ఘనపరిమాణం వెయ్యవ వంతు అవుతాయి. కనుక పెద్ద ఇంజనులో చక్కగా పనిచేసే సన్నని ఆవిరి దారి, చిన్న ఇంజనులో అదే నిష్పత్తిలో చేస్తే పనిచేయకపోవచ్చు. మురికి రేణువులు, నీటి చుక్కలు మాత్రం చిన్నవి కావు.

పత్రికా రచన

1900ల ఆరంభంలో గ్రీన్లీ రైల్వే ఉద్యోగం వదలి "ది మోడల్ ఇంజనీర్" పత్రికలో ఉప సంపాదకునిగా చేరాడు. అందులో రైలింజన్ల నమూనాల గురించి వ్యాసాలు, కొలతలతో కూడిన నక్షాలు ప్రచురించాడు. 1904లో ఈయన రచించిన "ది మోడల్ లోకోమోటివ్" అనే గ్రంథం వెలువడింది. నమూనా ఆవిరి రైలింజను రూపకల్పనను, నిర్మాణాన్ని క్రమపద్ధతిలో వివరించిన తొలి గ్రంథాలలో ఇది ఒకటి. తరువాత 1922లో "మోడల్ స్టీమ్ లోకోమోటివ్స్", 1924లో "మోడల్ రైల్వేస్" అనే గ్రంథాలు కూడా వచ్చాయి.

గ్రీన్లీ రచనల వలన పాఠకునికి ఒక కొలబద్ద దొరికింది. అంతకు మునుపు ఒక నమూనా బాగున్నది, బాగులేదు అని చెప్పడం అభిరుచికి సంబంధించిన విషయంగా ఉండేది. నిజమైన ఇంజను కొలతలు, నమూనాకు ఎంచుకొన్న నిష్పత్తి తెలిసినప్పుడు, ప్రతి భాగాన్నీ కొలిచి తప్పు ఎంతో అంకెలలో చెప్పవచ్చును. చక్రం వ్యాసం ఎంత తగ్గింది, పొగగొట్టం ఎంత పెరిగింది అన్నది ఎవరైనా స్వయంగా సరిచూసుకొనవచ్చును. నమూనాల సమీక్ష అభిప్రాయాల నుండి కొలతలవైపు మళ్ళడానికి ఈ విధమైన రచనలు దారి వేశాయి.

బాసెట్-లోక్ సంస్థతో అనుబంధము

నార్తాంప్టన్ నగరానికి చెందిన డబ్ల్యు.జె.బాసెట్-లోక్ (1877-1953) ఒక బాయిలర్ల తయారీదారు కుమారుడు. 1899లో ఈయన నమూనా యంత్రాల భాగాలను తపాలా ద్వారా అమ్మే వ్యాపారం మొదలుపెట్టాడు. 1900లో జరిగిన పారిస్ ప్రదర్శనలో న్యూరెంబర్గ్ తయారీదారుల వస్తువులను చూశాడు. వారి నైపుణ్యం గొప్పది, కాని వారు చేసే రైళ్ళు బ్రిటిషు రైళ్ళను పోలి ఉండవు. బ్రిటిషు ఇంజన్ల నక్షాలను వారికి ఇచ్చి చేయిస్తే మంచి నమూనాలు తక్కువ ధరకు వస్తాయని బాసెట్-లోక్ గ్రహించాడు. బింగ్, కారెట్ అనే న్యూరెంబర్గ్ సంస్థలు ఆయన కొరకు రైళ్ళు తయారుచేశాయి.

అటువంటి నక్షాలు గీయగల వ్యక్తి గ్రీన్లీ. కొద్దికాలంలోనే ఆయన బాసెట్-లోక్ సంస్థకు ముఖ్యమైన రూపకర్త, సలహాదారు అయ్యాడు. 1904లో బాసెట్-లోక్ స్థాపించిన చిన్న రైలుమార్గాల సంస్థకు గ్రీన్లీ ఇంజనీరుగా వ్యవహరించాడు. ఆయన రూపొందించిన "లిటిల్ జయంట్" అనే 15 అంగుళాల గేజి ఇంజను 1905లో తయారయ్యింది. వెస్ట్‌మినిస్టర్ డ్యూక్‌కు చెందిన ఈటన్ హాల్ ఎస్టేటులోని రైలుమార్గంపై దీనిని పరీక్షించారు. అదే సంవత్సరం బ్లాక్‌పూల్ సముద్రతీరంలో ఇది ప్రజలను ఎక్కించుకొని నడిచింది.

1909లో గ్రీన్లీ "మోడల్స్, రైల్వేస్ అండ్ లోకోమోటివ్స్" అనే పత్రికను ప్రారంభించాడు. దీనికి బాసెట్-లోక్ సహకారం ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధం తెచ్చిన ఇబ్బందులలో ఈ పత్రిక ఎక్కువకాలం నిలువలేదు. అయినా కేవలం నమూనా రైళ్ళకు ప్రాధాన్యమిచ్చిన తొలి పత్రికలలో ఒకటిగా దీనికి స్థానం ఉన్నది.

ఈ దశలో గ్రీన్లీ స్థితి సున్నితమైనది. ఒక సంస్థ అమ్మే వస్తువులకు నక్షాలు గీసేది ఆయనే, ఆ రంగంలోని వస్తువులను గురించి పాఠకులకు చెప్పే పత్రికకు సంపాదకుడూ ఆయనే. పాఠకులలో గుమాస్తాలు, ఉపాధ్యాయులు, పనివారు కూడా ఉండేవారు. వారు కూడబెట్టిన డబ్బుతో కొనే వస్తువు గురించి చదివే మాటలు, ఆ వస్తువు రూపకర్తనుండే రావచ్చును. ఇది గ్రీన్లీ ఒక్కని సమస్య కాదు. ఈ విషయం తెలిసినవారు చాలా కొద్దిమంది. వారే రాయాలి, వారే రూపొందించాలి. అయినప్పటికీ సమీక్షకునికి అమ్మేవానితో ఉన్న సంబంధం పాఠకునికి తెలిసి ఉండాలన్న నియమం తరువాతి కాలంలో ఎందుకు అవసరమయ్యిందో ఈ ఉదాహరణ వలన అర్థమవుతుంది.

స్కేలు, గేజి

గ్రీన్లీ కృషిని అర్థం చేసుకొనడానికి రెండు పదాలు తెలియాలి. నిజమైన వస్తువుకు, నమూనాకు మధ్య ఉండే నిష్పత్తిని స్కేలు అంటారు. రెండు పట్టాల లోపలి అంచుల మధ్య దూరాన్ని గేజి అంటారు. బ్రిటనులో ప్రధాన రైలుమార్గాల గేజి 4 అడుగుల 8½ అంగుళాలు, అనగా 1435 మి.మీ. భారతదేశంలోని బ్రాడ్ గేజి 5 అడుగుల 6 అంగుళాలు, అనగా 1676 మి.మీ.

బ్రిటిషు రైళ్ళ నక్షాలు అడుగులలో, అంగుళాలలో ఉండేవి. చిన్న భాగాలను కొలవడానికి మిల్లీమీటర్లు అనువైనవి. ఒక అడుగుకు ఇన్ని మిల్లీమీటర్లు అని స్కేలును చెప్పే మిశ్రమ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చినవారిలో గ్రీన్లీ ముఖ్యుడు. ఈ పద్ధతి బ్రిటనులో నేటికీ వాడుకలో ఉన్నది. ఈ ప్రమాణాలలో కొన్ని:

1వ నంబరు గేజి: అడుగుకు 10 మి.మీ., పట్టాల గేజి 45 మి.మీ. లెక్క ప్రకారం ఉండవలసినది సుమారు 47.1 మి.మీ.

ఓ గేజి: అడుగుకు 7 మి.మీ., పట్టాల గేజి 32 మి.మీ. లెక్క ప్రకారం ఉండవలసినది సుమారు 33 మి.మీ.

ఓఓ గేజి: అడుగుకు 4 మి.మీ., పట్టాల గేజి 16.5 మి.మీ. లెక్క ప్రకారం ఉండవలసినది 18.83 మి.మీ.

మూడింటిలోను పట్టాలు ఉండవలసిన దానికన్నా ఇరుకుగానే ఉన్నాయి. దీనికి కారణం ఉన్నది. చిన్న నమూనాల చక్రాలు నిజమైన చక్రాలకన్నా నిష్పత్తిలో మందంగా ఉండాలి, లేనిచో మలుపులలో పట్టాలు తప్పుతాయి. మందమైన చక్రాలకు వెలుపల సిలిండర్లు, కడ్డీలు అమర్చాలి. పట్టాలను సరియైన వెడల్పులో ఉంచితే ఇవన్నీ వెలుపలికి పొడుచుకొని వచ్చి, ఇంజను అసలుకన్నా వెడల్పుగా కనిపిస్తుంది. పట్టాలను కొంచెం లోపలికి జరిపితే వెలుపలి కొలత సరిగా ఉంటుంది. 1వ నంబరు గేజిలోను, ఓ గేజిలోను ఈ తేడా కంటికి అంతగా ఆనదు. ఓఓ గేజిలో మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది.

ఓఓ గేజి ఆవిర్భావము

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో గ్రీన్లీ ఫార్న్‌బరోలోని ప్రభుత్వ విమాన కర్మాగారంలో పనిచేశాడు. యుద్ధానంతరం ఇళ్ళలో స్థలం తగ్గింది, ధరలు పెరిగాయి. భోజనాల బల్ల మీద అమర్చుకోగల రైలు కావాలన్న ఆలోచన బలపడింది. ఓ గేజికి సగం పరిమాణం గల రైలును న్యూరెంబర్గ్‌లోని బింగ్ సంస్థ తయారుచేయగా, 1922లో బాసెట్-లోక్ ద్వారా అది బ్రిటనులో అమ్మకానికి వచ్చింది. ఈ ప్రయత్నంలో గ్రీన్లీ పాత్ర ఉన్నది.

ఓ గేజిలో సగం అంటే 16 మి.మీ. పట్టాలు, అడుగుకు 3.5 మి.మీ. స్కేలు కావాలి. 3.5 మి.మీ. స్కేలుకు 16.5 మి.మీ. గేజి దాదాపు కచ్చితంగా సరిపోతుంది. ఐరోపా ఖండం, అమెరికా దేశాలు తరువాత ఈ జతనే "హెచ్ఓ" పేరుతో స్వీకరించాయి. బ్రిటనులో మాత్రం ఒక చిక్కు వచ్చింది. బ్రిటిషు వంతెనలు, సొరంగాలు, ప్లాట్‌ఫారాలు చాలా తొలికాలంలో కట్టినవి. కనుక అక్కడి రైలుపెట్టెలు, ఇంజన్లు ఐరోపా రైళ్ళకన్నా సన్ననివి, పొట్టివి. 9 అడుగుల వెడల్పు గల పెట్టె 3.5 మి.మీ. స్కేలులో 31.5 మి.మీ. మాత్రమే ఉంటుంది. ఆనాటి విద్యుత్ మోటార్లు అంత ఇరుకైన ఇంజనులో పట్టేవి కావు.

గ్రీన్లీ ఎంచుకొన్న పరిష్కారం సులువైనది. పట్టాలను అలాగే ఉంచి, వాటిపైనున్న రైలును మాత్రం అడుగుకు 4 మి.మీ. స్కేలుకు పెంచాడు. అదే పెట్టె ఇప్పుడు 36 మి.మీ. వెడల్పు అవుతుంది, మోటారు పడుతుంది. అయితే 4 మి.మీ. స్కేలులో 16.5 మి.మీ. అంటే 4 అడుగుల 1½ అంగుళాలు మాత్రమే. నిజమైన గేజికన్నా 7 అంగుళాలు తక్కువ. ఎదురుగా నిలబడి చూస్తే వెడల్పైన పెట్టె ఇరుకైన కాళ్ళమీద నిలిచినట్లు కనిపిస్తుంది.

గ్రీన్లీ మరణానికి ముందే ఈ కొలత స్థిరపడిపోయింది. 1938లో మెక్కానో సంస్థ విడుదల చేసిన "హార్న్‌బీ డుబ్లో" రైళ్ళు ఇదే ప్రమాణాన్ని అనుసరించాయి. యుద్ధానంతరం తయారైన ప్లాస్టిక్ రైళ్ళు, తెల్లలోహపు కిట్లు, ఆమ్లంతో చెక్కిన ఇత్తడి కిట్లు కూడా ఓఓ పట్టాలకు తగినట్లుగానే వచ్చాయి. మోటార్లు చిన్నవైపోయి అసలు కారణం తొలగిపోయిన తరువాత కూడా, లక్షలాది ఇళ్ళలో ఉన్న పట్టాలు మారలేదు.

బాయిలర్ల యుద్ధము

చిన్న ఆవిరి ఇంజన్లకు ఎటువంటి బాయిలరు తగినది అన్న విషయంలో 1920ల తొలి సంవత్సరాలలో "ది మోడల్ ఇంజనీర్" పుటలలో తీవ్రమైన వివాదం చెలరేగింది. దీనిని నమూనా ఇంజనీర్లు బాయిలర్ల యుద్ధం అని పిలుస్తారు.

అప్పటివరకు చిన్న గేజిలలో స్పిరిటు దీపంతో వేడిచేసే స్మిథీస్ రకపు బాయిలరు ప్రామాణికంగా ఉండేది. ఒక తొట్టిలోపల మరొక నీటి తొట్టి, దాని క్రింద కొన్ని నీటి గొట్టాలు ఇందులో ఉంటాయి. దీనిని చేయడం తేలిక. గ్రీన్లీ తన రచనలలో ఈ రకాన్ని ప్రోత్సహించాడు, బాసెట్-లోక్ సంస్థ దీనిని అమ్మింది. నిజమైన రైలింజనులో వలె బొగ్గు పొయ్యి, పొగ గొట్టాలు గల బాయిలరు అంత చిన్న పరిమాణంలో సరిగా పనిచేయదని అప్పట్లో చాలామంది నమ్మేవారు.

ఎల్.బి.ఎస్.సి. అనే కలం పేరుతో రాసిన కర్లీ లారెన్స్ (1883-1967) ఈ అభిప్రాయాన్ని ఎదిరించాడు. ఈయన తాను పనిచేసిన లండన్, బ్రైటన్ అండ్ సౌత్ కోస్ట్ రైల్వే పేరులోని తొలి అక్షరాలనే కలం పేరుగా పెట్టుకొన్నాడు. 2½ అంగుళాల గేజిలో తాను నిర్మించిన "ఆయేషా" అనే బొగ్గు ఇంజను పెద్దమనుషులను కూర్చోబెట్టుకొని లాగగలదని చూపాడు. వాదన ప్రత్యక్ష పోటీ వరకు వెళ్ళింది. బాసెట్-లోక్ పక్షం నిలిపిన ఇంజనుకన్నా ఆయేషా మెరుగని తేలింది. బొగ్గు బాయిలరులో ఇంజను ఎంత కష్టపడితే పొగగొట్టంలోకి వదిలే ఆవిరి అంత బలంగా గాలిని లాగి నిప్పును రగిలిస్తుంది. కనుక బరువు పెరిగేకొద్దీ ఆవిరి కూడా పెరుగుతుంది. స్పిరిటు దీపానికి ఈ గుణం అంతగా లేదు.

ఈ వివాదం వలన గ్రీన్లీ ప్రతిష్ఠకు కొంత దెబ్బ తగిలింది. లారెన్స్ తరువాత దశాబ్దాలపాటు అదే పత్రికలో నిర్మాణ వ్యాసాలు రాశాడు. గ్రీన్లీ బలం లెక్కలలోను, నక్షాలలోను ఉండగా, లారెన్స్ బలం చేసి చూపడంలో ఉన్నది. ఒక రూపకల్పనను అంచనా కట్టడానికి కొలత ఒక్కటే చాలదు, దానిని బరువుతో నడిపి కూడా చూడాలి అన్న పాఠం నమూనా ఇంజనీర్లు ఈ సంఘటన నుండి గ్రహించారు.

పెద్ద నమూనాలు

మనుషులు ఎక్కే 15 అంగుళాల గేజి మార్గాలలో గ్రీన్లీకి ఎక్కువ విజయం లభించింది. 1911లో వేల్స్‌లోని రిల్ పట్టణంలో చిన్న రైలుమార్గానికి ఆయన రూపకల్పన చేశాడు. ఇంగ్లాండు వాయవ్య భాగంలో మూతబడిన 3 అడుగుల గేజి రావెన్‌గ్లాస్ మార్గాన్ని 1915లో 15 అంగుళాల గేజిగా తిరిగి తెరచారు. దానికొరకు గ్రీన్లీ రూపొందించిన "రివర్ ఎస్క్" ఇంజను 1923లో కోల్చెస్టర్‌లోని డేవీ పాక్స్‌మన్ సంస్థలో తయారయ్యింది.

రివర్ ఎస్క్‌ను మూడవ వంతు స్కేలులో, అనగా అడుగుకు 4 అంగుళాల చొప్పున చేశారు. ఈ స్కేలుకు గేజి 18.83 అంగుళాలు ఉండాలి. ఉన్నది 15 అంగుళాలు. ఓఓ గేజిలో 4 మి.మీ. స్కేలుకు ఉండవలసినది 18.83 మి.మీ., ఉన్నది 16.5 మి.మీ. బల్లమీది రైలులో చేసిన రాజీనే గ్రీన్లీ ఇక్కడ కూడా, మరింత పెద్ద మోతాదులో చేశాడు. ఫలితం మాత్రం వేరుగా ఉన్నది. పెద్ద బాయిలరు వలన ఇంజనుకు బలం వచ్చింది, నడిపేవానికి కూర్చొనే చోటు దొరికింది. ఈ ఇంజన్లు పనికి ఉద్దేశించినవి కాబట్టి కొలతలో తేడాను ఎవరూ తప్పుపట్టలేదు. అయితే రివర్ ఎస్క్‌కు మొదట అమర్చిన లెంట్జ్ రకపు కవాటాలు సంతృప్తికరంగా పనిచేయలేదు. తరువాత వాటిని తీసివేసి, సాధారణమైన వాల్‌షార్ట్స్ పద్ధతికి మార్చవలసి వచ్చింది.

మోటారు పందాల క్రీడాకారుడు కౌంట్ లూయీ జ్బోరోవ్‌స్కీ, కెప్టెన్ జె.ఇ.పి.హోవీ కలసి ఒక పూర్తిస్థాయి చిన్న రైలుమార్గం నిర్మించాలని తలపెట్టారు. జ్బోరోవ్‌స్కీ గ్రీన్లీ రూపొందించిన రెండు ఇంజన్లను డేవీ పాక్స్‌మన్ సంస్థకు పురమాయించాడు. 1924 అక్టోబరులో ఇటలీలోని మోంజాలో జరిగిన పందెంలో ఆయన మరణించాడు. హోవీ ఆ పనిని కొనసాగించాడు. కెంట్ జిల్లా సముద్రతీరంలోని రామ్నీ చిత్తడి నేలలలో స్థలాన్ని ఎంచుకొన్నారు. మార్గానికి, ఇంజన్లకు గ్రీన్లీ ఇంజనీరు అయ్యాడు. 1926 ఆగస్టు 5న యార్క్ డ్యూక్ (తరువాత ఆరవ జార్జి రాజు) నిర్మాణంలో ఉన్న మార్గంపై "నార్తర్న్ చీఫ్" ఇంజనును నడిపాడు. 1927 జూలై 16న హైత్, న్యూ రామ్నీల మధ్య మార్గం ప్రారంభమయ్యింది. 1928లో డంజెనెస్ వరకు పొడిగించడంతో మొత్తం పొడవు 13½ మైళ్ళు అయ్యింది.

గ్రీన్లీ రూపొందించిన "గ్రీన్ గాడెస్", "నార్తర్న్ చీఫ్", "సదరన్ మెయిడ్" ఇంజన్లు ఒక శతాబ్దానికి దగ్గరగా సేవ చేశాయి. మూడేసి సిలిండర్లతో చేసిన "టైఫూన్", "హరికేన్" ఇంజన్లు మాత్రం నిర్వహణలో ఇబ్బంది పెట్టాయి. తరువాత వాటిని రెండు సిలిండర్ల ఇంజన్లుగా మార్చారు. సరళమైన రూపకల్పనలో గ్రీన్లీ సిద్ధహస్తుడు. కొత్త సంక్లిష్ట పద్ధతులను చిన్న పరిమాణంలో ప్రవేశపెట్టినప్పుడు మాత్రం ఆయన ఇంజన్లకు చిక్కులు వచ్చాయి. హోవీతో విభేదాలు ఏర్పడి 1929లో గ్రీన్లీ ఈ సంస్థను విడిచిపెట్టాడు.

చివరి సంవత్సరాలు, మరణము

రామ్నీ మార్గాన్ని వదలిన తరువాత కూడా గ్రీన్లీ సలహాదారునిగా, రచయితగా కొనసాగాడు. వివిధ గేజిలలో నమూనా ఇంజన్లకు నక్షాలు అందించాడు. 1947 మార్చి 4న మరణించాడు. ఈయన జీవితచరిత్రను కుమార్తె, అల్లుడు కలసి రచించగా 1973లో వెలువడింది.

ప్రభావము, అంచనా

గ్రీన్లీ తరువాతి తరంలో ఓఓ గేజిని అంగీకరించనివారు వేరే మార్గాలు వెదికారు. కొందరు 4 మి.మీ. స్కేలును ఉంచుకొని పట్టాలను 18 మి.మీ.కు వెడల్పు చేశారు. ఇది "ఇఎమ్" గేజి అయ్యింది. దీనిని అనుసరించేవారి సంఘం 1955లో ఏర్పడింది. 1960లలో మరికొందరు 18.83 మి.మీ. కచ్చితమైన గేజిని, దానికి తగిన సన్నని చక్రాలను ప్రతిపాదించారు. ఇది "ప్రోటోఫోర్" పేరుతో 1966 నుండి ప్రచారం పొందింది. ఈ రెండు మార్గాలలోను కొన్న ప్రతి ఇంజనుకు చక్రాలను మార్చుకోవలసిన శ్రమ ఉన్నది. అత్యధికులు సిద్ధంగా దొరికే ఓఓ గేజినే ఆదరించారు.

కొత్త కిట్టు లేదా ఇంజను గురించి నిజాయితీగా రాయదలచిన సమీక్షకునికి గ్రీన్లీ జీవితం ఒక మంచి ఉదాహరణ. ఇక్కడ మూడు రకాల లోపాలను వేరుచేసి చూడవలసి ఉంటుంది. మొదటిది ప్రమాణంలోనే ఉన్న రాజీ. ఓఓ గేజి ఇరుకుదనం ఇటువంటిది. దీనిని ఒక కిట్టు తయారీదారుపై నేరంగా మోపడం న్యాయం కాదు, అలాగని లేదని చెప్పడమూ సరికాదు. రెండవది రూపకర్త చేసిన తప్పు. కొలత తప్పిన పొగపెట్టె, ఉండవలసిన చోట లేని చక్రం ఇటువంటివి. వీటిని నిజమైన ఇంజను కొలతతో సరిచూసి అంకెతో చెప్పాలి. మూడవది పనిలో బయటపడే లోపం. రివర్ ఎస్క్ కవాటాల వలె, ఇది అమర్చి నడిపితే గాని తెలియదు. పెట్టెను తెరచి చూసి రాసిన సమీక్షలో మూడవ రకం లోపం కనబడదు.

లోపాన్ని దాచిన సమీక్ష వలన నష్టపోయేది కొత్తగా ఈ పనిలోకి వచ్చినవారే. అనుభవజ్ఞుడు తప్పు కొలతను గుర్తించి ఆకురాయితో సరిచేసుకొంటాడు. మొదటి కిట్టు కొన్న విద్యార్థి భాగాలు కలవకపోతే తప్పు తన చేతిలోనే ఉన్నదని అనుకొని పనిని వదలివేస్తాడు. అదే విధంగా, ప్రతి చిన్న తేడాకు ఒక మంచి కిట్టును తీసిపారవేస్తే చిన్న తయారీదారు మరొక కిట్టు చేయడు. లోపం ఎంత, దానిని సరిచేయడానికి ఎంత శ్రమ, సరిచేయకపోతే ఎలా కనిపిస్తుంది అన్న మూడు విషయాలు చెప్పిన సమీక్ష ఇద్దరికీ మేలు చేస్తుంది.

భారతీయ రైళ్ళ నమూనాలు చేసేవారికి కూడా ఈ విషయం ఉపయోగకరం. మన బ్రాడ్ గేజి 1676 మి.మీ. హెచ్ఓ స్కేలులో దీనికి సుమారు 19.2 మి.మీ. పట్టాలు కావాలి. సులభంగా దొరికే 16.5 మి.మీ. హెచ్ఓ పట్టాలపై భారతీయ రైలును నడిపితే, గేజి సుమారు 2.7 మి.మీ. తక్కువ అవుతుంది. గ్రీన్లీ ఎదుర్కొన్న ఎంపికే ఇది. పట్టాలను మార్చాలా, తేడాను ఒప్పుకొని ముందుకు వెళ్ళాలా అన్నది నిర్మించేవాని ఇష్టం. ఆ తేడా ఉన్నదన్న సంగతి మాత్రం కొనేముందే అతనికి తెలియాలి.

గ్రీన్లీ నక్షాలను, కొలతల పట్టికలను బహిరంగంగా ప్రచురించాడు. ఆయన రూపకల్పనలలోని లోపాలను తరువాతివారు కనుగొన్నది కూడా చాలావరకు ఆయన ప్రచారం చేసిన కొలత పద్ధతితోనే. నమూనా రైళ్ళ చరిత్రలో ఆయన చేసిన ముఖ్యమైన సేవగా దీనిని చెప్పవచ్చును.